పెద్దింటి ఉత్తరపు గోడ

కుడికాలు, ఎడమకాలు, మళ్ళీ కుడికాలు. పెద్దింటి వెనక కట్టెల కొట్టం పక్కన, నేలలోకి దించిన చెక్క తొట్టిలో నెసీమ్ అడుసు తొక్కుతున్నాడు. ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచాడు. జారిపోకుండా ఒక చెయ్యి పక్కనున్న గుంజ మీద వేశాడు. నవంబరు పొద్దు. నది మీది మంచు ఇంకా కరకట్ట దిగలేదు. అడుసు చలి అరికాళ్ళలోంచి నడుం దాకా పాకుతోంది. డెబ్భై నాలుగేళ్ళ గుండెకి ఇలాంటి పనులు పడవని డాక్టరు చెప్పాడు. డాక్టరుకేం, చెబుతాడు. అడుసు కుదిరిందో లేదో అరికాలికి తప్ప ఎవరికి తెలుస్తుంది? మడమ ఎత్తితే చప్పున ఊడి రావాలి. వేళ్ళ సందుల్లో పట్టుకుని వేలాడకూడదు. వేలాడుతోందంటే ఇంకా పీచు పడాలన్నమాట.

తొట్టి గట్టు మీద పీచు కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. ఓక్ చెట్లకి ముసలాళ్ళ గడ్డంలా వేలాడే బూడిదరంగు నాచును దింపి, నెలన్నర పాటు నీటిగుంటలో నానబెడితే, పైతోలంతా కుళ్ళిపోయి లోపలి నల్లటి పీచు మిగులుతుంది. గుర్రపు వెంట్రుకలా గట్టిగా ఉంటుంది. దాన్ని ఒండ్రుమట్టిలో కలిపి తొక్కి, సైప్రస్ కర్ర గుంజల మధ్య దిగ్గొట్టిన బద్దల మీద వేలాడదీసి గోడ కడతారు. దెలోర్మ్ వారి పెద్దిల్లు మొత్తం అలా కట్టిందే. కింద ఇటుక స్తంభాలు, పైన మట్టిగోడలు, చుట్టూ వెడల్పాటి వసారా. నూట తొంభై ఏళ్ళకి పైగా తుపానులు, వరదలు, ఒక యుద్ధం చూసి నిలబడింది.

ఒక కట్ట విప్పి తొట్టిలో వేస్తూ నెసీమ్ "థాంక్యూ" అన్నాడు. ఎవరితో అంటే ఏం చెప్పను? నాచుతోనో, చెట్టుతోనో. ఆయనకది తుమ్ములాంటి అలవాటు. పొద్దున్నే మంచం దిగగానే కాళ్ళకి చెబుతాడు, పనిచేసినందుకు. కాఫీకి చెబుతాడు. పాత ట్రక్కు స్టార్టయితే దానికీ చెబుతాడు, కాకపోతే దానికి రెండోసారి తాళం తిప్పాక చెబుతాడు.

"ద్రాక్షపళ్ళు తొక్కుతున్నట్టే ఉన్నావు, సారా ఎంతవరకొచ్చింది ముసలాయనా?"

వెనక మెట్ల మీద నుంచి వెర్డెల్ కేకేసింది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళని గదిగదికీ తిప్పి కథ చెప్పేది ఆవిడే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ముదురు నీలం కోటు, మెడలో తాళాల గుత్తి, రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులు.

"ఇంకో గంట తొక్కితే నీ పెళ్ళికి సరిపోతుంది మిస్ వెర్డెల్."

"నా పెళ్ళా! ఇద్దరు మొగుళ్ళని సాగనంపాను, మూడోవాడు దొరికితే వాడిని ఆ తొట్టిలోనే తొక్కు. దిగు ముందు. పెదాలు నీలంగా ఉన్నాయి నీకు."

"చలి."

"చలా, గుండెకాయా? మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా. దానికి థాంక్స్ కూడా చెప్పా."

వెర్డెల్ కప్పు అందించి మెట్టు మీద కూర్చుంది. ఆవలి పొలంలో చెరుకు నరికే యంత్రం మొదలైంది. తగలబెట్టిన ఆకుల వాసన గాలిలో తియ్యగా ఉంది. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ పొద్దులన్నీ ఇలాగే మొదలవుతున్నాయి. అయితే ఈ రోజు నెసీమ్ కప్పు రెండు చేతులతో పట్టుకోవడం వెర్డెల్ గమనించింది.

"ఇంజనీరు హాస్కెల్ పదకొండింటికొస్తాడు" అంది. "ఉత్తరపు గోడ చూస్తాట్ట. గుంజ పాడైతే గోడంతా దించేసి పలకలు బిగిస్తామన్నాడు. ట్రస్టు వాళ్ళు సరేనన్నారు."

"విన్నా."

"మరి నువ్వెందుకిలా పొద్దున్నే అడుసు తొక్కుతున్నావు? దించేసే గోడకి అడుసెందుకు?"

నెసీమ్ కాఫీ తాగేసి కప్పు ఇచ్చేశాడు. "దించకపోతే కావాలి కదా" అన్నాడు.

ఇక్కడ ఉత్తరపు గోడ సంగతి చెప్పాలి. వెనక వసారా ఆ కొసన, భోజనాల గది బయటి గోడకి, మనిషెత్తు నుంచి వసారా పలకల దాకా ఒక మరక ఉంది. మరకంటే రంగు మరక కాదు. చేత్తో తడిమితే తెలుస్తుంది. మిగతా గోడ ఎండాకాలం వెచ్చగా, చలికాలం పొడిగా ఉంటుంది. అక్కడ మాత్రం ఏడాది పొడుగునా చల్లగా, చెమర్చినట్టుంటుంది. రెండేళ్ళకోసారి కింది అంచున సున్నం పొక్కులు లేస్తుంది. ఎవరి కంటా పడకముందే నెసీమ్ గీకి సున్నం కొట్టేస్తాడు. నలభై ఏళ్ళకి పైగా అదే పని. తుపాను మరమ్మతులకి ఇల్లంతా మనుషులు దిగిన ఏడు కూడా, ఆ గోడ దగ్గరికి ఎవరూ పోకుండా నిచ్చెనలూ పెయింటు డబ్బాలూ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు పాపం.

ఎందుకంటే ఆ మరక ఆయన చేసిందే.

అప్పుడాయనకి ఇరవై ఎనిమిదేళ్ళు. పెద్దిల్లు ఇంకా ట్రస్టు చేతికి రాలేదు, దెలోర్మ్ కుటుంబం చేతిలోనే ఉంది, ఆఖరి మనిషి ముసలి మదామ్ ఒక్కతే పైన ఉండేది. గోడ పనులన్నీ పరాన్ తియోఫీల్ చూసేవాడు. పరాన్ అంటే జ్ఞానతండ్రి. బాప్తిస్మం నాడు నెసీమ్‌ని చేతుల్లో పట్టుకున్నదీ ఆయనే, పదమూడో ఏట ఈ తొట్టిలోకి దించి తొక్కమన్నదీ ఆయనే. ఎడమచేతి వాటం మనిషి. మాటలు తక్కువ. నెసీమ్ మధ్యలో మూడేళ్ళు నది మీద పెద్ద వంతెన కడుతుంటే అక్కడ పనిచేసి, సిమెంటు నేర్చుకుని, ఆ పొగరుతో తిరిగొచ్చాడు. ఆ ఏడు మదామ్ మేనకోడలి పెళ్ళి. సరిగ్గా నాలుగు రోజులుందనగా ఉత్తరపు గోడ బీటలిచ్చింది. "మట్టి ఆరాలంటే మూడు వారాలు" అన్నాడు పరాన్. మదామ్ ముఖం వేలాడేసింది. నెసీమ్ ముందుకొచ్చాడు.

"నాకొక పూట ఇవ్వండి మదామ్."

ఒక పూటలో చేశాడు కూడా. బీటలిచ్చిన మట్టి గీకేసి, సిమెంటు నింపి, అద్దంలా నునుపు చేసి, పైన సున్నం కొట్టాడు. మదామ్ చప్పట్లు కొట్టింది. పెళ్ళివాళ్ళు ఆ గోడ ముందు నిలబడి ఫోటోలు దిగారు. సాయంత్రం పరాన్ వచ్చి గోడ మీద ఎడమ అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"గోడ నోరు మూసేశావురా" అన్నాడు. అంతే. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మట్టిగోడ తడిని పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. సిమెంటు వదలదు. సందులోంచి దిగిన నీరు లోపలే నిలిచి, మట్టిని పిండి చేసి, గుంజ మొదలు తింటుంది. రెండేళ్ళు గడిచి మొదటి పొక్కు లేచినప్పుడు గానీ నెసీమ్‌కి ఇది అర్థం కాలేదు. అర్థమయ్యాక పరాన్‌తో చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగా పరాన్ మంచాన పడ్డాడు, పోయాడు. కాఫీకీ ట్రక్కుకీ థాంక్స్ చెప్పే మనిషి, తనకి చేతిలో పని పెట్టిన వాడికి ఒక్కసారీ చెప్పలేదు. శవపేటిక దగ్గర అందరూ వంగి ఏదో ఒకటి చెప్పి వెళుతుంటే, నెసీమ్ చర్చిలో వెనక బల్ల దగ్గరే నిలబడి టోపీ అంచు నలుపుకున్నాడు.

తొమ్మిదింటికి ఉలీ సుత్తీ తీసుకుని గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెర్డెల్ మొదటి గుంపుని తీసుకుని వసారాలోకి వచ్చింది. పన్నెండు మంది. మెడలో కెమెరాలు, చేతుల్లో నీళ్ళ సీసాలు.

"ఇది పద్దెనిమిది వందల ముప్పై రెండులో కట్టిన ఇల్లు" అని చెబుతోంది. "దెలోర్మ్ గారు కట్టించారని గుమ్మం మీద రాసుకున్నారు. ఆయన ఒక్క పిడికెడు మట్టి ఎత్తలేదు. కట్టినవాళ్ళు నలభై మూడు మంది బానిసలు. వాళ్ళలో పదకొండు మంది పేర్లు మనకి తెలుసు, ఇప్పుడు ఆ పదకొండూ చదువుతాను. చలి కాచుకునే పొయ్యి చుట్టూ పాలరాయి చూశారు కదా లోపల? రాయి కాదు, కర్ర. పాలరాయిలా రంగేశారు. తలుపులు ఓక్ అనుకున్నారా? సైప్రస్ మీద కోడి ఈకతో గీసిన గీతలు. ఈ ఇంట్లో డాబు అంతా పైపూతే. లోపల ఉన్నది మట్టీ, నాచూ, మనుషుల చేతులూ."

ఒకావిడ నెసీమ్‌ని చూపించి "ఆయనేం చేస్తున్నారు?" అనడిగింది.

"ఆయనా? ఇంటికి డాక్టరు" అంది వెర్డెల్. "తన డాక్టరు మాట మాత్రం వినడు."

అందరూ నవ్వారు. నెసీమ్ టోపీ ఎత్తి దణ్ణం పెట్టి, మళ్ళీ ఉలి ఆనించాడు. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాలింది. లోపల నుంచి వచ్చిన వాసన ఆయనకి తెలిసిందే, ముక్కిపోయిన నేల వాసన. పైభాగంలో పాత మట్టి కనపడింది. దాని మీద నాలుగు వేళ్ళు పక్కపక్కనే లాగిన గాళ్ళున్నాయి, పైపూత పట్టుకోవడానికి కట్టినవాళ్ళు చేసిన గాళ్ళు. నెసీమ్ తన వేళ్ళు వాటిలో పెట్టాడు. పట్టలేదు. సన్నటి వేళ్ళు. ఏ ఆడమనిషివో. ఆ పదకొండు పేర్లలో ఉందో లేదో కూడా తెలియని మనిషి. "థాంక్యూ అమ్మా" అన్నాడు మెల్లగా.

గుంపుని ముందు గదిలోకి పంపి వెర్డెల్ తిరిగొచ్చింది. నెసీమ్ చేతిలో సిమెంటు పెచ్చు చూసి ఆగిపోయింది.

"ఇదెవడి తెలివి? మట్టిగోడకి సిమెంటా!"

"నాదే."

"నీదా?"

"నాదే వెర్డెల్. నలభై ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ సున్నం కొట్టి దాస్తున్నా. ఇవాళ గోడ పోయిందంటే నా వల్లే పోయింది. హాస్కెల్‌కి నేనే చెబుతా, నువ్వు మధ్యలో రాకు."

వెర్డెల్ ఏదో వెక్కిరించబోయి, ఆయన ముఖం చూసి మానేసింది. కోటు అంచులు పోగుచేసుకుని పక్కనే నేల మీద కూర్చుంది. "గుంజ చూశావా?" అనడిగింది.

"ఇంకా లేదు. కింది పలక విప్పాలి."

గోడ అడుగున, వసారా పలకలకి ఆనించి, జానెడు వెడల్పు అడుగుపలక ఒకటుంది. కర్ర మేకులతో బిగించింది. ఇన్నేళ్ళలో నెసీమ్ దాని మీద ఇరవైసార్లు రంగేశాడు గానీ ఒక్కసారీ విప్పలేదు. విప్పితే తన తప్పు ఎంత లోతో తెలిసిపోతుందని భయం. ఇప్పుడు మేకులు ఒక్కొక్కటే వెనక్కి కొట్టాడు. పలక ఊడి ముందుకి వాలింది.

ఆయన వంగి చూసి, ఉలి కింద పెట్టేశాడు.

"ఏమైంది? మొత్తం పోయిందా?" అంది వెర్డెల్.

పలక వెనక సిమెంటు లేదు. నాలుగు వేళ్ళ ఎత్తున, గోడ పొడుగునా ఎవరో ఉలితో నీటుగా కోసేశారు. ఆ సందులో పీచు తాళ్ళు వదులుగా కూరి ఉన్నాయి, ఎలుక దూరకుండా, నీరు మాత్రం బొట్టుబొట్టుగా జారిపోయేలా, గాలి ఆడేలా. నెసీమ్ ఒక తాడు బయటికి లాగాడు. పీచు నల్లగా, గట్టిగానే ఉంది. పురి చూశాడు. అందరూ పేనినట్టు కుడికి కాదు, ఎడమకి తిరిగింది. ఈ నది ఒడ్డున ఎడమకి పేనే మనిషి ఆయన ఎరిగినంతలో ఒక్కడే. ఆ తాళ్ళు విప్పాల్సి వచ్చినప్పుడల్లా పనివాళ్ళంతా పరాన్‌ని తిట్టుకునేవాళ్ళు.

"పరాన్" అన్నాడు. "వచ్చి కోసి పెట్టాడు. నాతో ఒక్క మాట అనలేదు."

"ఎప్పుడు?"

"ఏమో. ఎవరూ లేనప్పుడు. నేనీ పలక విప్పుతానని అనుకుని ఉంటాడు. రేపో ఎల్లుండో విప్పుతాడు, చూసుకుంటాడు అనుకుని ఉంటాడు. నేను... నలభై ఆరేళ్ళు రంగేశాను దీని మీద."

డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఏడుస్తుంటే చూడలేక వెర్డెల్ తాళాల గుత్తి సర్దుకుంది. కాసేపటికి తనూ ముక్కు చీదింది. "ఛీ, నా రెండో గుంపు వచ్చే వేళకి ఏడిపించావు" అంది.

హాస్కెల్ పదకొండింటికి వచ్చాడు. ట్రస్టు తరఫున పాత ఇళ్ళు చూసే ఇంజనీరు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మంచివాడే. నెసీమ్ ముందుగా తన సిమెంటు సంగతి చెప్పేశాడు. హాస్కెల్ విన్నాడు. దబ్బనం తీసి గుంజ మొదట్లో గుచ్చాడు. మెత్తగా దిగింది. రెండంగుళాలు పైన గుచ్చాడు, దిగింది. జానెడు పైన గుచ్చాడు. దిగలేదు. ఇంకా పైన, ఇంకా పైన. టక్కు టక్కుమంది. మోకాళ్ళ మీద వంగి పీచు తాళ్ళు వేలితో తడిమి చూశాడు.

"ఈ కోత లేకపోతే గుంజ పైదాకా పోయేది" అన్నాడు. "ఇది చేసిందెవరు సర్?"

"తియోఫీల్ ఆగస్తాన్" అన్నాడు నెసీమ్. నిటారుగా నిలబడి చెప్పాడు ఆ పేరు. "మా పరాన్. రాసుకోండి. ఆగస్తాన్."

హాస్కెల్ నిజంగానే రాసుకున్నాడు. "జానెడు మొదలు కోసి కొత్త సైప్రస్ అతికిద్దాం. వడ్రంగిని సోమవారం పంపుతా. గోడ దించక్కర్లేదు. పైనంతా మట్టితో మీరు కట్టగలరా?"

"అడుసు తొక్కి ఉంచాను" అన్నాడు నెసీమ్.

మధ్యాహ్నం వెర్డెల్ గిన్నెలో అన్నం, ఉడకబెట్టిన బెండకాయ రొయ్యలు తెచ్చింది. సగం తిన్నాడు. మిగతా సగం ఆవిడ పోరు పడలేక తిన్నాడు. తరవాత పిండైపోయిన పాత మట్టి దులిపేసి పని మొదలుపెట్టాడు. అడుసుని మూరెడు పొడవు దిండ్లలా చుట్టి, ఒక్కో బద్ద మీద గుర్రమెక్కించినట్టు వేసి, రెండు వైపులా కిందికి లాగి, పక్కదానితో కలిపి నొక్కాడు. అడుగున జానెడు వడ్రంగికి వదిలాడు. పై వరస నుంచి కిందికి, మళ్ళీ పై వరస. ఒక్కసారి ఎడమచేతి వాటంగా లాగి చూశాడు, వంకరగా వచ్చింది, నవ్వుకుని సరిచేశాడు. ఆయన నోట్లోంచి థాంక్యూ అన్న మాట ఆ పూటంతా ఆగనేలేదని, గుంపులతో అటూ ఇటూ తిరిగిన వెర్డెల్ తరవాత అందరికీ చెప్పింది. పాటలాగా అన్నాట్ట, పరాన్ పేరు పెట్టి మరీ.

నాలుగింటికి గోడ నిండింది. ఉత్తరపు గాలి పొడిగా వీస్తోంది. కొట్టంలోంచి ఒక గోనె పట్టా తెచ్చి, నీళ్ళలో ముంచి, రెండు మేకులకి తగిలించి తడిమట్టి మీద కప్పాడు.

"ఇదెందుకు?" అంది వెర్డెల్.

"గబగబా ఆరితే పగులుతుంది. నెమ్మదిగా ఆరనివ్వాలి. పూటకి రెండుసార్లు ఈ పట్టా తడపాలి, ఎనిమిది రోజులు. ఒక్కసారీ పొడిబారనివ్వకూడదు దీన్ని."

"ఎనిమిది రోజులూ వచ్చి తడుపుతావన్నమాట. ఆదివారం కూడానా?"

"ఆదివారం దేవుడికి చెప్పొస్తా." చేతులు కడుక్కుని, వసారాలో ఉన్న ఊగుకుర్చీని గోడకెదురుగా తిప్పుకుని కూర్చున్నాడు. "కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు తల్లీ. ఇవాళ నా ఒళ్ళు దూదిలా ఉంది."

"పని చెయ్యకుండా ఉంటే రాయిలా ఉండేది" అంటూ వెర్డెల్ వంటింట్లోకి వెళ్ళింది. తలుపులు మూసి, దీపాలు ఆర్పి, గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. చెరుకు పొలాల మీద ఎండ పచ్చబడింది. నెసీమ్ గోడ వైపే చూస్తున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి. వెర్డెల్ ఆయన్ని రెండుసార్లు పిలిచింది. తరవాత గ్లాసు కింద పెట్టి, పక్కన కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది. ఎవరినీ పిలవడానికి ఆవిడకి తొందర అనిపించలేదు.

శనివారం నెసీమ్‌ని సాగనంపడానికి వచ్చినవాళ్ళతో చర్చి నిండిపోయింది. బ్యాండు వాళ్ళు వచ్చారు, పాటలు చాలాసేపు పాడారు, నవ్వులు కూడా వినిపించాయి, ముఖ్యంగా ట్రక్కుకి థాంక్స్ చెప్పే సంగతి వచ్చినప్పుడు. హాస్కెల్ వెనక బల్ల మీద కూర్చున్నాడు. పన్నెండు కాబోతుండగా వెర్డెల్ పక్కవాళ్ళ చెవిలో ఏదో చెప్పి లేచింది. మంచి బట్టల్లోనే, నల్ల టోపీతోనే కారెక్కి నాలుగు మైళ్ళు పెద్దింటికి వచ్చింది. ఆ రోజు ఇల్లు మూసేశారు. వెనక మెట్లెక్కి, కుళాయి దగ్గర బకెట్టు నింపుకుని వసారా కొసకి నడిచింది.

బకెట్టు అక్కర్లేకపోయింది. తనకంటే ముందే ఎవరో వచ్చి వెళ్ళారు. చర్చికి పోతూ హాస్కెల్ ఆగి ఉంటాడు, లేదా చెరుకు యంత్రం నడిపేవాడో, తోటమాలో. గోడ మీద రెండు మేకులకి వేలాడుతున్న గోనె పట్టా నిండా తడిసి ఉంది, దాని అంచు నుంచి ఒక్కో చుక్కే వసారా పలకల మీద పడుతోంది.